తుపాకీ కర్ర మీద పసుపు

నందిగామలో ముప్పై ఆరేళ్ళు తుపాకులు బాగుచేశాను. ఈ మాట ఎక్కడైనా చెబితే ఎదుటివాళ్ళు ముందు నా ముఖం చూస్తారు, తరువాత చేతులు చూస్తారు, ఆ తరువాత కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. భయపడాల్సిన పనేం లేదు. లైసెన్సు ఉన్న కొట్టు, లైసెన్సు ఉన్న తుపాకులు. నా జన్మలో కోపంగా చేతిలోకి తీసుకున్న ఆయుధం ఒక్కటే, మా ఆవిడ పప్పుగుత్తి. అది కూడా పాలగిన్నె దగ్గర చేరిన పిల్లిని తోలడానికి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మీరు చేసిన పనుల్లో గొప్పది ఒకటి చెప్పండి" అని అడిగారు. గొప్ప పనులు చెబితే సొంత డప్పు అవుతుంది, చెడగొట్టిన పని చెబితే మీకు పనికొస్తుంది. చెడగొట్టినవి తక్కువేం కాదు గాని, ఒక పాత మీట తుపాకీకి స్కోపు బిగించిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. అదే చెబుతాను.

మా కొట్టు బస్టాండు వెనక సందులో ఉండేది. ముందు సగం నాది, వెనక సగం లేత్ మేస్త్రీది. అతను గరికపాడు అవతల, తెలంగాణలో కోదాడ వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ వర్క్‌షాపులో చేసి, ఆ దుమ్ము ఒంటికి పడక నందిగామ వచ్చేశాడు. పొద్దస్తమానం మోటారు షాఫ్టులూ ట్రాక్టరు పిన్నులూ తిప్పేవాడు. ఎక్కడా దొరకని పాత తుపాకీ స్క్రూ నాకు కావాల్సి వస్తే, అరిగిపోయిన దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి అచ్చం అలాంటిదే చేసి ఇచ్చేవాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. నన్ను 'తమ్మీ' అనేవాడు. నాకు నోరెక్కువ, అతనికి తక్కువ. ఇద్దరికీ నోరుంటే ఆ కొట్టు రెండేళ్ళకే మూతపడేది.

మా దగ్గరికి వచ్చేవి తోటల కాపలా తుపాకులు, బ్యాంకు గార్డుల తుపాకులు, హాల్లో గోడకు అలంకారంగా వేలాడే తాతల నాటి తుపాకులు. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. రెండు మూడు నెలలు అక్కడ గోడకు చేరబడి ఉండి, తిరిగి వచ్చేసరికి వాటికి ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. ఎన్నికలంటే జనానికి నాయకులు గుర్తొస్తారు, నాకు కిరసనాయిలు వాసన గుర్తొస్తుంది.

అలా తుప్పు వదిలించే రోజుల్లోనే ఒక ఉదయం కారు ఒకటి సందు మొగలో ఆగింది. దంపతులు దిగారు. ఆయన చేతిలో లైసెన్సు పుస్తకం, ఒక అట్టపెట్టె ఉన్నాయి. ఆవిడ చేతిలో పాత నేతచీరలో చుట్టిన తుపాకీ ఉంది. తుపాకీ ఆడమనిషి మోస్తుంటే మగమనిషి కాగితాలు మోయడం నేను అంతవరకు చూడలేదు.

ఆవిడకు యాభై అయిదేళ్ళు ఉంటాయి. పసుపు రాసుకున్న ముఖం, రూపాయి బిళ్ళంత బొట్టు. ఆయనకు జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు, చిల్లకల్లులో పొలం. మాట్లాడటమంతా ఆయనే మాట్లాడాడు.

"తుపాకీ మా ఆవిడదండి. నాకా శబ్దం పడదు. దీపావళికి కూడా నేను తలుపులేసుకుని లోపలే ఉంటా. మా నాన్నగారు చూసి చూసి, ఇక కొడుకు వల్ల అయ్యేపని కాదని కోడలికి నేర్పారు. లైసెన్సు కూడా తర్వాత ఆవిడ పేరుకే మార్పించారు."

ఆవిడ నవ్వి చీర మడతలు విప్పింది. పాత మీట తుపాకీ. కింద చేతికి అందేటట్టు ఒక ఇనుప మీట ఉంటుంది, దాన్ని ముందుకు తోసి వెనక్కి లాగితే పేలిన తూటా బయటికి వచ్చి కొత్త తూటా లోపలికి పోతుంది. సిమెంటు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో వచ్చిన విదేశీ ఇంజినీరు ఒకాయన వెళ్ళిపోతూ అమ్మితే మామగారు కొన్నారట. ఇనుము నల్లగా, నున్నగా ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

విషయం ఇది. చిల్లకల్లు వైపు మొక్కజొన్న చేలలో అడవి పందులు పడి, తెల్లారేసరికి మడికి మడి పడుకోబెట్టేస్తున్నాయి. పందుల్ని కొట్టడానికి అనుమతి ఉన్నవాళ్ళ జాబితా ఒకటి ఉంది, అందులో ఆవిడ పేరు ఎప్పటినుంచో ఉంది. పందులు దిగాయంటే చుట్టుపక్కల రైతులు ఆవిడ గుమ్మంలోకే వచ్చేవారు. ఊళ్ళో 'తుపాకీ అమ్మగారు' అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. కొత్తగా వచ్చిన అటవీ అధికారి ఒకాయన, పాత తుపాకులూ పెద్ద వయసువాళ్ళూ ఉన్నారు కదా, ఒకసారి గురి చూశాకే జాబితా ఖాయం చేస్తానన్నాడట. ఎనభై అడుగుల దూరంలో అన్నం పళ్ళెమంత బోర్డు పెడతారు. మూడు తూటాలు. రెండు తగలాలి.

"పేరు పోయిందనుకోండి, రేపు రెన్యువల్ దగ్గర 'పేరే లేదుగా, మీకిది ఎందుకమ్మా' అంటారు," అన్నాడాయన. "తుపాకీ స్టేషన్లో అప్పజెప్పి చేతులు దులుపుకోవడమే. పదిహేను రోజులుంది. ఈమధ్య గొట్టం కొసన ఉన్న గురి మసగ్గా ఉందంటోంది. చత్వారం. స్కోపు పెట్టేస్తే సరిపోద్దండి."

అట్టపెట్టెలో స్కోపు ఉంది, దూరపు గురిని దగ్గరగా చూపించే అద్దాల గొట్టం. మామూలుదే, అనుమతి కాగితాలతో సహా పద్ధతిగా కొన్నారు.

"కళ్ళు చూపించారా?" అన్నాను.

"లైసెన్సు కాగితాలకి మొన్ననేనండి, డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చాడు. బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు," అన్నాడాయన.

ఆవిడ ఏదో అనబోయి ఆగిపోయింది. అది నేను చూశాను. చూసి కూడా, "ఏంటమ్మా?" అని అడగలేదు. అడిగి ఉంటే ఇంత కథ లేదు.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. ఈ రకం పాత తుపాకుల్లో మీట లాగగానే ఖాళీ తూటా నెత్తిమీది నుంచి పైకి ఎగురుతుంది, మంగలంలో పేలాలు ఎగిరినట్టు. స్కోపేమో సరిగ్గా ఆ నెత్తిమీదే కూర్చోవాలి. కూర్చుంటే ఖాళీ తూటా దానికి కొట్టుకుని మళ్ళీ లోపలే పడి, తుపాకీ బిగుసుకుపోతుంది. కాబట్టి స్కోపుని పక్కకి జరిపి బిగించాలి. ఆ తుపాకీ చేసిన పుణ్యాత్ముడెవరో గాని ఎడమ పక్క రెండు రంధ్రాలు ముందే వేసి స్క్రూలతో మూసి ఉంచాడు. పాత ఇనుముకి కొత్తగా బెజ్జం పెట్టే పాపం నాకు తప్పింది. ఆ రంధ్రాలకి ఒక బ్రాకెట్టు చేసి, దానిమీద స్కోపు నిలబెడితే చాలు.

లేత్ మేస్త్రీ రెండు రోజుల్లో బ్రాకెట్టు చేసి ఇచ్చాడు. బిగించి చూద్దును కదా, స్కోపు తుపాకీకి ఎడమ పక్కన ఎంతో దూరంగా, చంకన బిడ్డను వేసుకున్నట్టు వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటన్నా ఇది? ఇంత అందమైన తుపాకీకి ఈ వేలాడదీయడమేంటి?"

"ఖాళీ తూటా తగలొద్దు గదా తమ్మీ. జర ఎడం ఉండాలె."

"జర ఉండాలి. ఇంత కాదు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"చూసేటోళ్ళు ఎవలు? పందులేనా?"

నేను వినలేదు. నడిమికి ఎంత దగ్గరగా వస్తే అంత దగ్గరగా, ఖాళీ తూటా సరిగ్గా దూరిపోయేంత సందు మాత్రమే వదిలి, మరో బ్రాకెట్టు పట్టుబట్టి చేయించాను. అతను చేసిచ్చి, మొదటిదాన్ని సొరుగులో పడేశాడు. రెండోది నిజంగా ముచ్చటగా ఉంది. కన్ను ఎక్కడికి వస్తుందో చూడాలి కాబట్టి తుపాకీ నా భుజానికి పెట్టి, నా చెంప ఆనించి సరిచూసుకున్నాను. మధ్యలో ఒకసారి ఆయన పని చూసిపోదామని వస్తే, ఆయన చెంపకి కూడా పెట్టి చూద్దామనుకున్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడని అడగలేదు. మర్యాద కాదనిపించింది. పెద్దింటి ఆడమనిషిని, బజారు కొట్టులో నలుగురూ చూస్తుండగా తుపాకీ భుజానికెత్తి చెంప ఆనించి చూపించమని ఎలా అడుగుతాం? మా సందులో దర్జీ కూడా ఆడవాళ్ళ కొలతలు తీసుకోడు. "ఆది జాకెట్టు ఇచ్చి వెళ్ళండమ్మా" అంటాడు. పాత జాకెట్టు చూసి కొత్తది కుడతాడు. నా దగ్గర మాత్రం ఆది ఏముంది, నా చెంపే ఆది అనుకున్నాను.

చివరగా తుపాకీని ముస్తాబు చేశాను. వెనక కర్ర మీద, భుజానికీ చెంపకీ ఆనే చోట, పసుప్పచ్చగా ఒక మరక ఉంది. ఏళ్ళ తరబడి ముఖాన పసుపు చెమటతో కలిసి చెక్కలోకి ఇంకింది. కర్ర నెత్తిమీద మొదలై కుడివైపుకి జారింది. ఎడమ పక్కన ఎప్పటిదో వెలిసిపోయిన ఛాయ మాత్రం ఉంది. స్పిరిట్టుతో తుడిచి, సన్నని ఉప్పుకాగితం పట్టి, అవిసెనూనె రాసి, అరచేత్తో రుద్దాను. సగం పూట పట్టింది. అద్దంలా తయారైంది. లేత్ మేస్త్రీని పిలిచి మరీ చూపించాను.

స్టేషన్లో రాసిచ్చి, జగ్గయ్యపేట దగ్గర పాడుబడ్డ సున్నపురాయి క్వారీ గుంటలో గురి చూడటానికి వెళ్ళాం. ముందు నేను ఐదు తూటాలు పేల్చాను. ఐదూ టీ సాసరంత చోటులో పడ్డాయి. గర్వంగా తుపాకీ ఆవిడకి ఇచ్చాను. ఆయన అలవాటు ప్రకారం కారు వెనక్కి వెళ్ళి చెవులు మూసుకున్నాడు.

ఆవిడ తుపాకీ కుడి భుజానికి పెట్టుకుని, మెడ బాగా వాల్చి, ముఖమంతా కర్ర మీదికి ఒరిగించింది. పేల్చింది. బోర్డు వెనక సున్నపు గోడ మీద దుమ్ము లేచింది. ఇంకోటి. మళ్ళీ దుమ్మే.

"మెడ అంత వంచితే ఎలాగమ్మా? తిన్నగా పెట్టండి," అన్నాను, పిల్లలకి పాఠం చెప్పే పంతులులాగా.

తిన్నగా పెట్టింది. చాలాసేపు చూసింది. "నల్లగా ఉందండి," అంది మెల్లగా.

"మూత తీశాగా, నల్లగా ఎందుకుంటుంది?"

"ఏమోనండి, నల్లగానే ఉంది."

మరో మూడు పేల్చింది. ఒక్కటీ తగల్లేదు. అప్పటికి ఎండ నెత్తికెక్కింది, నా పనితనం మీద దెబ్బ పడింది. నోరు జారాను. "తుపాకీలో లోపం లేదమ్మా. కళ్ళున్న ఎవరికైనా కనపడుద్ది అందులో."

కారు వెనకనుంచి ఆయన వచ్చాడు. ఎప్పుడూ గలగల్లాడే మనిషి ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. నావైపు చూడకుండా, "చాల్లే, ఇచ్చేద్దాం పద. పందులు తిన్నన్ని తిననీ," అన్నాడు. ఆవిడ తుపాకీ నా చేతిలో పెట్టింది. "ఇంకా నాలుగు రోజులుంది కదండీ మేస్త్రీగారూ. ఇంకోసారి చూడండి," అంది. ఆ 'అండి' విని నాకు సగం కోపం దిగిపోయింది. మిగతా సగం దిగడానికి ఇంకో గంట పట్టింది.

కొట్టుకి వచ్చి తుపాకీ బల్ల మీద పెట్టాను. స్క్రూలు బిగువుగానే ఉన్నాయి. అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. లోపం దొరక్క తిప్పి తిప్పి చూస్తుంటే, నేను అద్దంలా మెరిపించిన కర్ర మీద కొత్తగా పసుపు కనిపించింది. పొద్దున ఎండలో పట్టిన చెమటకి అంటుకున్నది. కర్ర నెత్తిమీద మొదలై, కుడివైపుకి జారి ఉంది. పాత మరక ఎక్కడుందో అక్కడే.

తుపాకీ కుడి భుజానికి పెట్టుకునే మనిషి చెంప కర్రకి ఎడమ పక్కన ఆనుతుంది. నాది అక్కడే ఆనుతుంది. ఎవరిదైనా అక్కడే ఆనాలి. మరక కుడివైపుకి ఎలా వెళ్ళింది? తుపాకీ ఎత్తి, నా దవడ సరిగ్గా ఆ పసుపు మీద పెట్టి చూశాను. మెడ పట్టేసింది. ముఖం కర్ర దాటి అవతలికి పోయింది. కుడికన్ను ఎటో గాలిలో ఉంది. గొట్టం మీద గురికి సరిగ్గా ఎదురుగా వచ్చింది నా ఎడమకన్ను.

ఆవిడ ఇన్నాళ్ళూ కుడి భుజం మీద పెట్టి ఎడమకంటితో పేలుస్తోంది. మామూలు గురికి అలా మెడ విరుచుకుని ఎలాగో నెట్టుకొచ్చింది. స్కోపుకి కన్ను సూటిగా వెనకనే ఉండాలి, కాస్త పక్కకి పోయినా నల్లటి నీడే కనిపిస్తుంది. నేను మెడ తిన్నగా పెట్టమంటే పాపం పెట్టింది. అప్పుడు స్కోపు వెనకకి వచ్చింది కుడికన్ను. ఆ కంటికి నల్లగా ఉందంటే స్కోపులో ఏ లోపమూ లేదు. ఆది జాకెట్టు నా చేతికి ఇస్తే, సగం పూట కూర్చుని, స్పిరిట్టు పెట్టి తుడిచేశాను. పైగా ఆ మనిషితోనే 'కళ్ళున్నవాళ్ళకి' అని మాటన్నాను.

మర్నాడు బస్సెక్కి చిల్లకల్లు వెళ్ళాను. ఆయన కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆవిడ వాకిట్లో పట్టా మీద మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి ముందు మజ్జిగ ఇచ్చింది. ఆంధ్రా ఎండలో తిట్టడానికి వచ్చినవాడికైనా ముందు మజ్జిగే ఇస్తారు.

"అమ్మా, మీ కుడికన్ను కనపడదా?" అన్నాను గ్లాసు కింద పెట్టకుండానే.

ఆవిడ వీధివైపు చూసింది. తరువాత లోపలికి వెళ్ళి దేవుడి గూట్లోంచి డాక్టరు కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. అంతా స్పష్టంగా రాసి ఉంది. కుడికంటికి వెలుతురు తప్ప తెలియదు. ఎడమకన్ను నిక్షేపంగా ఉంది. అయిదేళ్ళ కిందట పత్తికట్టె గుచ్చుకుందట.

"ఆఫీసులో దీని జిరాక్సే ఇచ్చానండి. వాళ్ళకి తెలుసు, ఒక్క కన్ను బాగుంటే చాలన్నారు. ఇంట్లోనే తెలీదు. ఆయనకి చెప్తే ముందు పొలం మానిపిస్తారు, ఆ తర్వాత తుపాకీ మానిపిస్తారు. భయస్థుడండి. ఆయనకి చెప్పమాకండి."

"నాకు చెప్పొచ్చుగా అమ్మా?"

"మీరు ఆయన్ని అడిగారుగా. నన్ను అడగలేదు," అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అంది. నిష్ఠూరంగా అని ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

"నిన్న తప్పు మాటన్నాను. క్షమించండి," అన్నాను. నా నోట ఆ మాట మా ఆవిడ కూడా విని ఎరగదు.

"పోనీయండి. స్కోపు సంగతి చూడండి."

తుపాకీ నాతో తీసుకురాలేదు. వసారాలో గొడుగు ఉంటే అందుకుని, "ఇది తుపాకీ అనుకుని పెట్టుకోండమ్మా. మెడ వంచకుండా, హాయిగా," అన్నాను. ఆవిడ గొడుగు భుజానికి పెట్టి చెంప ఆనించింది. నేను పురికొస తీసి గొడుగు కర్ర నడిమినుంచి ఎడమకంటికి ఎంత దూరం ఉందో పట్టి ముడి వేశాను. ఎత్తు చూసి ఇంకో ముడి వేశాను. పక్కింటి గోడమీద నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వింతగా చూస్తున్నారు. మొదటిరోజే చేయాల్సిన పని అది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

కొట్టుకి వచ్చి లేత్ మేస్త్రీకి పురికొస చూపించాను. అతను సొరుగు లాగి, నేను అసహ్యించుకున్న మొదటి బ్రాకెట్టు బల్ల మీద పెట్టాడు. పురికొస ఆనించి చూశాం. ముడికీ దానికీ తేడా నూలుపోగంత. ఆకురాయి నాలుగుసార్లు ఆడిస్తే సరిపోయింది.

"నీకు ముందే తెలుసా అన్నా?"

"తెల్వకనే చేసిన్నా?" అన్నాడు.

అబద్ధం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కుదిరింది, అంతే. కాని ఇప్పటికీ తనకు ముందే తెలుసనే అంటాడు. నేనూ కాదనను. ఆ రోజు అతను ఆ ముక్కని తుక్కులో పారేయకుండా దాచాడు, నేనైతే విసిరికొట్టేవాణ్ణి.

పరీక్షరోజు అదే క్వారీ గుంటలో పదిమంది దాకా చేరారు. అధికారి, ఇద్దరు సిబ్బంది, ఒక కానిస్టేబులు, తుపాకులున్న మరో నలుగురు రైతులు. స్కోపు చంకన బిడ్డలా వేలాడుతున్న తుపాకీని చూసి ఒక రైతు పక్కవాడిని మోచేత్తో పొడిచి నవ్వాడు. ఇంకో రోజైతే వాడికి నా నోటి రుచి తెలిసేది. ఆ రోజు నా చూపంతా ఆవిడ మెడ మీదే ఉంది. గురి కుదర్చడానికి ముందురోజు ఆవిడ పేల్చింది నాలుగే తూటాలు. మెడకి అయిదేళ్ళ అలవాటు, చెంపకి ఒక్కరోజు అలవాటు.

ఆవిడ పేరు పిలిచారు. కొంగు బొడ్లో దోపుకుని వెళ్ళి కూర్చుంది. చెంప ఎడమపక్క ఆనించింది. మొదటి తూటా. బోర్డు ఊగింది. సిబ్బందిలో ఒకతను చెయ్యెత్తాడు, తగిలింది.

మీట లాగింది. ఖాళీ తూటా స్కోపుని తాకకుండా ఎగిరి పడింది. అక్కడిదాకా నా పని. ఇంతలో తొందరపడిందో, పాత అలవాటో, మెడ మళ్ళీ మెల్లగా కర్ర మీదికి వాలిపోయింది. నాకు కనిపిస్తూనే ఉంది. అరవకూడదు. పేల్చింది. గోడ మీద దుమ్ము లేచింది.

ఇంకొక్కటే ఉంది. ఆవిడ తుపాకీ దించి చెయ్యి చీరకి తుడుచుకుంది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ మెడ వాలుతోంది.

అప్పుడు నా పక్కనుంచి మాట వినిపించింది. ఆయన. కారు వెనక లేడు. చెవులు మూసుకోలేదు. ఎప్పుడొచ్చాడో వచ్చి ఆవిడకి ఎడమవైపున, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

"మెడ వంచమాకు," అన్నాడు మెల్లగా. "ఎడంకన్ను బానే ఉందిగా నీకు. దాంతో తిన్నగా చూడు."

ఆవిడ గిరుక్కున తిరిగి ఆయనవైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. అధికారి వాచీ చూసుకుని, "మాట్లాడకూడదండీ," అన్నాడు. "అయిపోయిందండి, ఇంకేం లేదు," అన్నాడాయన.

ఆవిడ ముఖం తిప్పుకుని, కొంగుతో కళ్ళు రెండూ ఒత్తుకుంది. చెంప తిన్నగా ఆనించింది. పేల్చింది. బోర్డు మేకు ఊడి కిందపడింది. ఆ శబ్దానికి ఆయన ఒళ్ళంతా ఉలిక్కిపడింది గాని, చేతులు చెవులదాకా వెళ్ళలేదు.

ఆవిడ పేరు జాబితాలో ఉండిపోయింది. కాగితం మీద సంతకాలవుతుంటే నేను ఆయన్ని పక్కకి లాగాను. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"అయిదేళ్ళనుంచీ తెలుసండి. గుచ్చుకున్న నెలకే కనిపెట్టా. కుడిపక్కన కాఫీ గ్లాసు పెడితే చెయ్యి తగిలి పడేసేది. అప్పట్నుంచి అన్నీ ఎడంపక్కనే పెడతన్నా. నేనూ ఎడంపక్కనే నడుస్తా."

"మరి మా కొట్లో బ్రహ్మాండం అన్నారే?"

"ఆవిడ దాచుకున్నది మీ ముందు నేనెలా బయటపెడతానండీ?" అన్నాడు. "ఆ రోజు మీరు ఆ మాట అన్నప్పుడు మాత్రం మిమ్మల్ని కొట్టాలనిపించింది. నాకేమో శబ్దమంటే భయం."

నేను పగలబడి నవ్వాను. నవ్వుతుంటే ఎందుకో కళ్ళు తడిశాయి. శబ్దానికి వణికిపోయే మనిషి, తుపాకీ పక్కన వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళలో ఎందరో వేటగాళ్ళని చూశాను, వాళ్ళ కోతలు విన్నాను. ధైర్యస్థుడంటే మాత్రం నాకు ఆ పురుగుమందుల కొట్టు ఆయనే గుర్తొస్తాడు.

ఆ మరుసటేడు నాకు చెయ్యి వణకడం మొదలై కొట్టు అప్పగించేశాను. ఇప్పుడు అక్కడ పని చేసేవాడు బుద్ధిమంతుడు, చేతిలో పనుంది. తెలియనిది ఉంటే ఫోను చేసి అడుగుతాడు. మొన్న ఎన్నికల తుప్పు వదిలించే రోజుల్లో ఫోను చేశాడు.

"చిల్లకల్లు మీట తుపాకీ వచ్చిందండి. స్కోపు భలే ఎడంగా ఉంది. దాన్ని దగ్గరికి జరపమంటారా?"

"ముట్టుకోకు."

"సరేనండి. కర్ర మీద పసుపు మరకుంది. అదన్నా పోగొట్టమంటారా? ఉప్పుకాగితం పడితే పోద్ది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏ పక్కనుంది?"

"ఎడంపక్కండి."

"సరిగ్గా చూసి చెప్పు. నెత్తిమీద గాని, కుడివైపు గాని ఏమన్నా ఉందా?"

కర్ర వెలుతురుకి తిప్పి చూస్తున్నట్టున్నాడు.

"లేదండి. ఎడంపక్కే. చెంప ఆనేచోట, సుబ్బరంగా, గుండ్రంగా ఉంది. తుడిచేయనా?"

"తుడవమాకు బాబూ," అన్నాను. "ఇనుముకి ఎంత నూనె పెడతావో పెట్టు. ఆ పసుపు జోలికి మాత్రం పోమాకు."

ఫోను పెట్టేసి, లేత్ మేస్త్రీకి చేశాను. కోదాడలో కొడుకు దగ్గర ఉంటున్నాడు, చెవులు సరిగా వినపడవు. మరక ఎడమపక్కకి వచ్చిందని గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. మా వీధంతా విన్నది.

"నేను ముందే చెప్పలే?" అన్నాడు.

"చెప్పావన్నా, చెప్పావు," అన్నాను.